మూడో సిలిండర్లో అద్దం

ఆ ఆదివారం పళ్ళ డాక్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికి కాఫీ తాగి షెడ్డులోకి వెళ్ళడం, పది గంటలకల్లా కారుకున్న ఎనిమిది స్పార్క్ ప్లగ్గులూ తనే స్వయంగా మార్చేసి చేతులు కడుక్కోవడం, పదిన్నరకు భార్యను ఎక్కించుకుని ఊరి బయట పెద్ద రోడ్డు మీద ఒక చుట్టు తిప్పి తీసుకురావడం. ఆవిడ ఆ కారెక్కి ఏడు నెలలైంది. బతిమాలగా బతిమాలగా ఒప్పుకుంది, అదీ అరగంటకు మించి నిమిషం ఎక్కువైనా దిగి నడిచి వచ్చేస్తానన్న షరతు మీద.

ముందు ఆ కారు గురించి రెండు మాటలు చెప్పకపోతే పాపం తగులుతుంది. రెండే సీట్లు, ఎనిమిది సిలిండర్లు, నేలకు జానెడెత్తులో కడుపు. ఇంజను ముందు ఉండదు, సీట్ల వెనక గాజు మూత కింద ఉంటుంది. అది నిమిషానికి తొమ్మిది వేల చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకు నూట యాభై. డాక్టరు ఈ లెక్క ఎన్నిసార్లు వేసుకున్నాడో ఆయనకే తెలియదు, వేసుకున్న ప్రతిసారీ ఒళ్ళు జలదరించేది. మనం ఒకసారి కళ్ళార్పి తెరిచేలోగా ఆ లోపల ఎంతెంత బరువున్న ముక్కలు ఎన్నిసార్లు పైకీ కిందికీ పరిగెత్తాయో, ఒకదానికొకటి తగలకుండా ఎలా తప్పుకున్నాయో తలుచుకుంటే మతి పోతుంది. షెడ్డులో అడుగు పెట్టగానే ఆయన గొంతు దానంతటదే తగ్గిపోయేది.

కొన్న ఈ రెండేళ్ళలో ఆయన బ్రేకులు మార్చాడు, స్ప్రింగులు మార్చాడు, గాలి పీల్చే గొట్టాలు మార్చాడు. మూడు నెలల కిందట సైలెన్సరు మార్చాడు. ఆ కొత్త సైలెన్సరు తొలిసారి నోరు విప్పగానే వీధిలో ఆగి ఉన్న పదకొండు బళ్ళ అలారాలు ఒక్కసారిగా మోగాయి. ఎదురింటి పసిబిడ్డ మధ్యాహ్నం దాకా ఏడుపు ఆపలేదు. డాక్టరు భార్య హైస్కూల్లో సైన్సు టీచరు. ఆవిడ కేకలు వెయ్యదు, ఎంత చిన్నగా మాట్లాడితే అంత భయపడాలని ఇంట్లోవాళ్ళకూ బళ్ళోవాళ్ళకూ తెలుసు. "ఈ కారు మూలంగా ఇంకొక్కసారి ఇంటి మీదికి గొడవొస్తే దీన్ని అమ్మెయ్యాలి. సరేనా?" అని చాలా చిన్నగా అడిగింది. డాక్టరు సరేనని మాటిచ్చాడు. ఇచ్చిన దగ్గర్నుంచీ ఇంజను స్టార్టు చేసే ముందు వీధిని అటూ ఇటూ చూసుకునేవాడు.

ఇక ఆయనకొక దురలవాటు ఉంది. ఆస్పత్రి పనిముట్లు కారుకు వాడతాడు. పంటి గార గీకే కొక్కేలతో ఇంజను సందుల్లో మసి గీకుతాడు, పళ్ళ సందుల్లో లాగే దారంతో కారు మీది అక్షరాల వెనక దుమ్ము లాగుతాడు. ఆస్పత్రిలో ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్న నర్సు ప్రతి సాయంత్రం పనిముట్లు లెక్కపెట్టి, తగ్గినవాటి పేర్లు చదివి, ఆయన ముఖంలోకి చూస్తుంది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తాడు. ఆ మధ్య నర్సు మరీ గట్టిపట్టు పట్టడంతో, ఇకమీదట ఒక్క సూది కూడా గుమ్మం దాటదని ఆమెకూ మాటిచ్చేశాడు.

కాబట్టి ఆ ఆదివారం ఆయన దగ్గర మిగిలి ఉన్నది ఒక్కటంటే ఒక్కటే బుల్లి అద్దం. పంటి వేరు చివరలు చూడటానికి వాడేది, కందిగింజకన్నా కాస్త పెద్దది. మూడో ప్లగ్గు విప్పాక, ఆ రంధ్రంలోంచి లోపలి కవాటాలు ఎలా ఉన్నాయో చూడాలనిపించింది. కవాటాలు పైకప్పున ఉంటాయి, పైనుంచి టార్చి వేస్తే అడుగు కనిపిస్తుందే గానీ పైకప్పు కనిపించదు. పై దవడ పళ్ళ వెనక భాగం చూడాలంటే అద్దం పెట్టక తప్పుతుందా? రంధ్రం లోతెక్కువ గనక అద్దాన్ని ఒక పొడుగాటి సన్నని ఉక్కు పుల్లకు పళ్ళ సిమెంటుతో అతికించాడు. తన సిమెంటు ముప్ఫై ఏళ్ళయినా ఊడదని రోగులందరికీ గొప్పగా చెబుతాడు. అతికించేటప్పుడు తడి గానీ జిడ్డు గానీ తగలకూడదని కూడా చెబుతాడు. తన చేతి వేళ్ళనిండా ఇంజను నూనె ఉన్న సంగతి మాత్రం ఆ ఉత్సాహంలో గమనించలేదు.

టార్చి వేసి అద్దం లోపలికి దించాడు. నాలుగు కవాటాలు, రెండు పెద్దవి, రెండు చిన్నవి, ఒకదాని పక్కన ఒకటి ఒద్దికగా ముడుచుకుని కూర్చున్నాయి. ఇన్ని వేల మంటలు మండిన చోట అంత నిమ్మళం ఎలా వచ్చిందో ఆయనకు అర్థం కాలేదు. ఎంతసేపు చూశాడో తెలియదు, మెడ పట్టేసేదాకా చూశాడు. చివరికి నిట్టూర్చి పుల్ల పైకి తీస్తే పుల్ల వచ్చింది. అద్దం రాలేదు.

డాక్టరు వెంటనే ఇంజను మేస్త్రికి ఫోను చేశాడు. ఊళ్ళో ఇలాంటి కార్ల మీద చెయ్యి వెయ్యగలిగిన మనిషి ఆ మేస్త్రి ఒక్కడే. మేస్త్రి అంతా చివరిదాకా విన్నాడు. తర్వాత, "తాళంచెవి ఎక్కడుందండీ?" అని అడిగాడు. జేబులో ఉందన్నాడు డాక్టరు. "జేబులోనే ఉంచండి. ఒక్కసారి ఇంజను తిరిగిందంటే ఆ అద్దం పొడై గోడలన్నీ గీరేస్తుంది. ఇక ఆ ఇంజను మీద ఆశ వదులుకోవడమే" అన్నాడు. అయస్కాంతం పట్టుకుని సిద్ధంగా ఉంటానని, తన బండి రిపేరులో ఉంది గనక వచ్చి తీసుకెళ్ళమని చెప్పాడు.

లోపల చూడటానికి ఏదైనా కెమెరా ఉంటే మేలన్నాడు మేస్త్రి. కెమెరా ఆస్పత్రిలో ఉంది. తాళాలు నర్సు దగ్గర ఉన్నాయి. కారు కోసమని ఆమెతో ఎలా చెబుతాడు? చెబితే ఆమె ఊరుకుంటుందా? ఊరుకోకపోగా తన భార్య చెవిన వెయ్యకుండా ఉంటుందా? డాక్టరు జీవితంలో ఎన్నడూ ఆడనంత చక్కగా అబద్ధమాడాడు. "ఒక పేషెంటు వచ్చాడమ్మా, ఇంటికే. చూస్తుండగా బుల్లి అద్దం ఊడి లోపలికి పోయింది. కెమెరా, పొడుగాటి పట్టకార్లు తీసుకుని వచ్చెయ్యి" అన్నాడు. పేషెంటు ఎవరని నర్సు అడిగింది. ఇది ఆయన ఊహించని ప్రశ్న. దగ్గర బంధువని చెప్పి ఫోను పెట్టేసి, షెడ్డుకు తాళం వేసి, భార్య స్కూటరెక్కి మేస్త్రి కోసం వెళ్ళిపోయాడు. ఫోను షెడ్డులోనే మర్చిపోయాడు.

డాక్టరు మర్చిపోయిన సంగతి ఇంకొకటుంది. రోగి పనిముట్టు మింగేస్తే ఏం చెయ్యాలో ఆయనే పదేళ్ళ కిందట పెద్ద అక్షరాలతో రాసి ఆస్పత్రి గోడకు అంటించాడు. వెంటనే కడుపు సర్జనుకు చెప్పాలి, అంబులెన్సు పిలవాలి, రోగి బంధువులకు కబురు చెయ్యాలి, ఎట్టి పరిస్థితుల్లోనూ రోగిని మాట్లాడనివ్వకూడదు. ఈ పదేళ్ళలో ఆ కాగితంతో పనిపడలేదు. నర్సు రోజూ దాన్ని తుడుస్తూ ఎప్పటికైనా పనికొస్తుందని ఎదురుచూస్తోంది. అయిదంటే అయిదు నిమిషాల్లో ఆమె సర్జనుకు చెప్పింది, అంబులెన్సు పిలిచింది, డాక్టరు భార్యకు ఫోను చేసి మీ దగ్గర బంధువొకరు అద్దం మింగారని మెల్లగా, ధైర్యం చెబుతూ చెప్పింది.

డాక్టరు భార్య మేడ మీద పరీక్ష పేపర్లు దిద్దుతోంది. ఇంట్లో ఉన్న దగ్గర బంధువు ఆవిడ తండ్రి ఒక్కడే. పొద్దున కాఫీ దగ్గర దవడ పన్ను సలుపుతోందని ఆయనంటే, అల్లుడు పెదవి ఎత్తి చూసి, తర్వాత తీరిగ్గా చూస్తానన్న మాట తను చెవులారా విన్నది. గబగబా కిందికి దిగింది. తండ్రి గది ఖాళీ. భర్తకు ఫోను చేస్తే తాళం వేసిన షెడ్డులోంచి మోగింది. స్కూటరు లేదు. నాన్నను వెనక కూర్చోబెట్టుకుని ఎక్కడికి తీసుకెళ్ళాడో, ఆ స్కూటరు మీద గతుకుల్లో అద్దం లోపల ఎక్కడ గుచ్చుకుందో అనుకుంటూ ఆవిడ అంబులెన్సుకు ఎదురు బయల్దేరింది.

నిజానికి ఆ పెద్దాయన వీధి చివర క్షౌరశాలలో ముఖం నిండా నురగ పెట్టించుకుని హాయిగా కళ్ళు మూసుకుని ఉన్నాడు. కుడి చెంప అయింది, ఎడమ చెంప కావాలి. అంబులెన్సుకు ఎదురెళ్తున్న కూతురు అద్దాల తలుపులోంచి ఆయన్ని చూసింది. అద్దం మింగిన సంగతి ఆయనకే తెలిసినట్టు లేదనుకుని, చూస్తూనే లోపలికొచ్చి, "నాన్నా, నోరు తెరవకు. ఒక్క మాట కూడా మాట్లాడకు" అంది. గొంతు చాలా చిన్నగా ఉంది. ఆ గొంతు విన్నాక నోరు తెరిచే ధైర్యం ఆయనకే కాదు, కత్తి పట్టుకున్న మంగలికి కూడా లేకపోయింది. అంతలో సర్జనునూ నర్సునూ ఎక్కించుకుని అంబులెన్సు వచ్చింది, నురగతోనే ఆయన్ని స్ట్రెచరు మీద పడుకోబెట్టారు. తనకేమైందో అడగడానికి వీల్లేదు, ఏమీ కాలేదని చెప్పడానికీ వీల్లేదు. ఆస్పత్రికి వెళ్ళేలోగా కదిలితే ప్రమాదమని, ఇంటి దగ్గరే ముందొకసారి చూస్తానని సర్జను అనడంతో అందరూ ఇంటికే వచ్చారు. దారిలో నర్సు అద్దం సంగతి వివరిస్తుంటే విని విని, పాపం పెద్దాయనకు నిజంగానే పొట్టలో ఎడమవైపు ఏదో గుచ్చుకోవడం మొదలైంది.

డాక్టరు మేస్త్రిని వెనక కూర్చోబెట్టుకుని గేటులోకి వచ్చేసరికి వాకిట్లో అంబులెన్సు ఉంది. స్ట్రెచరు మీద మామగారు సగం గడ్డంతో ఆకాశంలోకి చూస్తున్నాడు. సర్జను నేల మీద మోకరించి నల్లటి గొట్టం విప్పుతున్నాడు. భార్య తండ్రి చెయ్యి పట్టుకుని ఏడుస్తోంది. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆవిడ ఏడవడం డాక్టరు చూడలేదు. భర్తను చూడగానే లేచి వచ్చి ఆయన చొక్కా పట్టుకుంది.

"వచ్చారా. ఎంతుంటుందండీ ఆ అద్దం? నాన్నకేం కాదుగా?" అంది.

డాక్టరుకు విషయం అర్థం కావడానికి రెండు క్షణాలు పట్టింది. అర్థమయ్యాక, మూడో క్షణంలో, ఒక పాడు ఆలోచన కూడా వచ్చింది. ఊరుకుంటే సరి. సర్జను చూస్తాడు, లోపల ఏమీ ఉండదు, అద్దం దానంతటదే పోయిందనుకుంటారు, కారు మిగులుతుంది. ఆ ఆలోచన వచ్చినందుకు ఆయన తర్వాత చాలాకాలం సిగ్గుపడ్డాడు. కానీ ఆవిడ ఆయన చొక్కా వదల్లేదు. సర్జను అప్పటికే మామగారిని నోరు తెరవమంటున్నాడు, మామగారు తెరిచేశాడు.

"ఆగండి," అన్నాడు డాక్టరు. "మింగింది ఆయన కాదు."

"మరెవరు?" అన్నాడు సర్జను.

డాక్టరు జేబులోంచి తాళంచెవి తీసి షెడ్డు తలుపు తెరిచి, వేలు పెట్టి కారును చూపించాడు. నేనేమీ మింగలేదని ఇంతకీ తేలినట్టేనా అని మామగారు స్ట్రెచరు మీంచే మెల్లగా అడిగాడు, అవునని నర్సు చెప్పాక పొట్టలో నొప్పి తగ్గిందని చెప్పి లేచి కూర్చున్నాడు. భార్య పమిట చెంగుతో తండ్రి చెంప మీది నురగంతా తుడిచింది. తుడవడం అయ్యాక భర్త వైపు తిరిగింది.

"రేపే పేపర్లో ప్రకటన ఇవ్వండి," అంది, చిన్నగా.

డాక్టరు తలూపాడు. ఇచ్చిన మాట ఇచ్చినట్టే ఉంది, తప్పు చేసింది తనే. అయితే అమ్మాలన్నా ముందు ఆ అద్దం బయటికి రావాలి కదమ్మా అని మేస్త్రి వినయంగా గుర్తుచేశాడు. అద్దమున్న ఇంజను ఎవరు కొంటారు? అందరూ షెడ్డులోకి నడిచారు. మేస్త్రి పొడుగు కడ్డీకి కట్టిన అయస్కాంతం రంధ్రంలోకి దించి, అటూ ఇటూ కదిపి, పైకి తీశాడు. ఖాళీగా వచ్చింది. అద్దం వెనకున్నది అయస్కాంతానికి అంటుకునే రకం ఉక్కు కాదు. నర్సు తెచ్చిన కెమెరా నోటి కోసం చేసింది గనక రంధ్రంలో సగం కూడా దిగలేదు. పట్టకార్లు అందలేదు. ఇక ఇంజను మొత్తం దింపి, సిలిండర్ల మీద మూతలా ఉండే తల విప్పాల్సిందేనన్నాడు మేస్త్రి. మళ్ళీ బిగించడానికి కావాల్సిన సామాను రావడానికి ఆర్నెల్లు పడుతుందట, అలా ఒకసారి విప్పినది మునుపటిలా ఉంటుందని తను పూచీ పడలేడట.

సర్జను మాత్రం వచ్చిన దగ్గర్నుంచీ చేతులు వెనక్కి కట్టుకుని ఆ ఇంజను వైపే చూస్తున్నాడు. గొట్టాల వంపులు చూశాడు, వంగి మళ్ళీ చూశాడు.

"ఆ రంధ్రం ఎంత వెడల్పుంటుంది?" అని అడిగాడు.

వేలు పట్టేంత ఉంటుందన్నాడు మేస్త్రి. సర్జను అంబులెన్సులోంచి తన సంచి తెప్పించాడు. అందులో సన్నని పాత గొట్టం ఒకటుంది, రోగులకు వాడటం మానేసి జూనియర్లకు నేర్పడానికి పెట్టుకున్నాడట. కొసన దీపం, కెమెరా, చిన్న తీగల పట్టు, అన్నీ ఇంకా బాగానే పనిచేస్తున్నాయి. చొక్కా చేతులు మడిచాడు. అలవాటు కొద్దీ నర్సు చేతి తొడుగులు అందించింది, ఆయన అలవాటు కొద్దీ వేసుకున్నాడు. చిన్న తెరను కారు కప్పు మీద నిలబెట్టారు. మేస్త్రి, నర్సు, అంబులెన్సు మనుషులిద్దరూ, మామగారూ చుట్టూ మూగారు. గొట్టం మూడో సిలిండర్లోకి దిగింది.

ముందు చీకటి. తర్వాత దీపం వెలుగు గోడల మీద పడింది. అబ్బ, ఏం చెప్పేది. గుండ్రంగా, నున్నగా, కళ్ళు చెదిరేలా మెరుస్తున్న గోడ, దాని మీద వెంట్రుకకన్నా సన్నగా ఒకదాన్నొకటి కోసుకుంటూ పోయే గీతలు. డెబ్బై వేల కిలోమీటర్లు పరిగెత్తినా ఒక్క గీత చెరగలేదని మేస్త్రి గుసగుసగా చెప్పాడు. అక్కడ ఎవరూ ఎవరినీ చిన్నగా మాట్లాడమని చెప్పలేదు, అందరి గొంతులూ వాటంతటవే తగ్గిపోయాయి. అడుగున ముదురు బంగారు రంగులో పిస్టను, దాని మీద ఒక అంచున మిలమిలలాడుతూ బుల్లి అద్దం.

"ఇరవై రెండేళ్ళుగా మనుషుల లోపల చూస్తున్నాను," అన్నాడు సర్జను. "ఇంత శుభ్రంగా ఎవరి లోపలా చూడలేదు."

తీగల పట్టు మెల్లగా విచ్చుకుంది. మొదటిసారి అద్దాన్ని పట్టుకుని జార్చింది. డాక్టరు కళ్ళు మూసుకున్నాడు. రెండోసారి పట్టుకుంది, జారలేదు. మిల్లీమీటరు మిల్లీమీటరుగా పైకొచ్చి, రంధ్రం అంచు దాటి, వెలుగులోకి వచ్చింది. నర్సు దాన్ని గుడ్డతో తుడిచి, విరగలేదని అటూ ఇటూ తిప్పి చూసి, తన డబ్బాలో పెట్టుకుని, అంతకుముందు ఆయన పోగొట్టిన నాలుగు పనిముట్ల లెక్క ఇంకా తేలాలని డాక్టరుకు గుర్తుచేసింది. సర్జను గొట్టం పైకి లాగబోయాడు.

"తియ్యకండి," అంది డాక్టరు భార్య.

ఆవిడ ఎప్పుడు లోపలికి వచ్చిందో ఎవరూ చూడలేదు. తెరకు మూరెడు దూరంలో నిలబడి ఉంది. ఒకసారి పైకప్పు వైపు తిప్పమంది. సర్జను గొట్టం కొస వంచాడు. నాలుగు కవాటాలూ తెర మీదికి వచ్చాయి. పెట్రోలు పీల్చేవి ఏవి, పొగ వదిలేవి ఏవి అని ఆవిడే చూపిస్తూ మేస్త్రిని అడిగింది, సరిగ్గానే చూపించింది. ఇవి తెరుచుకోవడం చూడొచ్చా అంది. మేస్త్రి గొట్టాన్ని రంధ్రం అంచు దాకా పైకి లాగించి, మిగతా ప్లగ్గులు కూడా విప్పి, పెద్ద పానాతో ఇంజనును చేత్తోనే అంగుళం అంగుళంగా తిప్పాడు. చప్పుడు లేదు. పిస్టను నిదానంగా కిందికి దిగింది, దిగుతుంటే పెద్ద కవాటాలు రెండూ ఒక్కసారే కళ్ళు తెరిచినట్టు తెరుచుకున్నాయి. ఆవిడ నోటి మీద చెయ్యి వేసుకుంది.

"పద్దెనిమిదేళ్ళుగా బోర్డు మీద సుద్దముక్కతో గీస్తున్నాను," అంది. "నలుచదరపు డబ్బా, లోపల ఒక అడ్డగీత. ఇంతుంటుందని నాకే తెలీదు."

మళ్ళీ తిప్పమంది. మళ్ళీ చూసింది. తర్వాత భర్త వైపు తిరిగింది. ఆవిడ కళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి.

"రెండేళ్ళుగా ఇది మన షెడ్డులో ఉంది. పాలవాణ్ణి పిలిచి చూపించారు, మీటరు రీడింగుకొచ్చిన మనిషిని పిలిచి చూపించారు. నన్నెందుకు పిలవలేదు?"

"నీకిష్టం ఉండదనుకున్నాను," అన్నాడు డాక్టరు.

"అడిగారా?"

అడగలేదు. ఎంత వేగంగా వెళుతుందో చెప్పాడు, ఎంత చప్పుడు చేస్తుందో వినిపించాడు, పక్కన కూర్చోబెట్టుకుని తిప్పుతానని బతిమాలాడు. మూత తీసి ఇదిగో ఇలా ఉంటుందని ఒక్కరోజూ చూపించలేదు. తను ఏ అద్భుతం ముందు రెండేళ్ళుగా నోరు వెళ్ళబెట్టి నిలబడ్డాడో, అదేమిటో ఊళ్ళో అందరికన్నా బాగా తెలిసిన మనిషి మేడ మీద పేపర్లు దిద్దుకుంటూ కూర్చుంది. డాక్టరు తల ఎత్తలేకపోయాడు. సర్జను, మేస్త్రి మర్యాదగా ఇంజను వైపు తిరిగి మాట్లాడుకోసాగారు.

మధ్యాహ్నం దాటాక అంబులెన్సు వెళ్ళింది. మామగారు మిగతా సగం గడ్డం గీయించుకోవడానికి వెళ్ళాడు. కొత్త ప్లగ్గులు మేస్త్రి చేతుల మీదుగా బిగిశాయి, పానా అందించింది డాక్టరు భార్య. డాక్టరు మూలన నిలబడి, పేపరు ప్రకటన సంగతి తనే ఎత్తాడు.

"ఏ ప్రకటన?" అంది ఆవిడ. తలెత్తకుండానే, వచ్చే ఆదివారం తొమ్మిదో తరగతి పిల్లలు నలభై మందీ వస్తున్నారని, సర్జనుగారు గొట్టంతో చూపిస్తారని, మేస్త్రిగారు ఇంజను తిప్పుతారని, పాఠం తను చెబుతానని చెప్పింది.

"మరి నేనేం చెయ్యను?" అని అడిగాడు డాక్టరు.

ఆవిడ చేతులు తుడుచుకుంటూ, వరసలో నిలబడ్డ పిల్లలకు ఈలోగా పళ్ళు చూడమంది.